ధర ఎక్కడ గాడి తప్పుతుంది?

కామారెడ్డి గంజులోనైనా, ఎల్లారెడ్డి అంగడిలోనైనా ధర గురించి మాట్లాడుకోవడానికి మామూలు రోజుల్లో రెండు మాటలు చాలు: అగ్గువ, పిరం. పిరం అనేది ప్రియానికి వాడుకరూపం. కోస్తాలో పాతతరం వాళ్లు కూడా బియ్యం ప్రియమయ్యాయనే అంటారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. సరుకు తక్కువగా వచ్చింది, విలువ పెరిగింది అన్న సంగతి మాత్రమే ఉంది. కోపం వచ్చినప్పుడు నోటికొచ్చే మాట వేరు. అడ్డగోలు రేటు, అడ్డగోలు ఫీజు, అడ్డగోలు మిత్తి అంటారు. పిరమైన వస్తువును కొంటాం, లేదంటే మానుకుంటాం. అడ్డగోలు ధర అన్నామంటే ఎవరో తప్పు చేశారని నింద వేస్తున్నట్టే. ఆ నింద ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కాదు, దాన్ని కొలిచే కొలమానం ఏమైనా ఉందా అన్నదే ఇక్కడ పరిశీలించదలచిన ప్రశ్న. ఇది రాజులను, రోమన్ చక్రవర్తులను, మన హైకోర్టులను, రిజర్వు బ్యాంకును కూడా వేధించిన ప్రశ్నే.

ఇంగ్లీషులో ఈ నిందను మోసే విశేషణం ఎగ్జార్బిటెంట్. లాటిన్‌లో ఓర్బిస్ అంటే వలయం. బండిచక్రం నేలమీద చేసిన గాడి ఓర్బిటా. గ్రహాల కక్ష్యను ఆర్బిట్ అనడమూ అక్కడి నుంచి వచ్చిందే. దాని ముందు 'బయటికి' అనే అర్థమున్న ఎక్స్ చేరితే గాడి తప్పిపోవడం అయింది. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులో అడుగుపెట్టేనాటికి అది న్యాయవాదుల మాట. ఒక వ్యవహారం నియమానికి బయట ఉందని చెప్పడానికి వాడేవారు. 17వ శతాబ్దంలో 'హద్దు మీరిన' అనే సాధారణార్థం స్థిరపడింది. ఆ శతాబ్దం సగం దాటాక ధరలకు, వడ్డీలకు అంటుకుంది. అంటే ఆ మాట పుట్టుకలో డబ్బు ప్రసక్తే లేదు. నియమం ఉంది, నియమాన్ని దాటడం ఉంది. 1960లలో ఫ్రాన్సు ఆర్థికమంత్రిగా ఉన్న గిస్కార్ డెస్టాంగ్ ప్రపంచంలో డాలరుకున్న స్థానాన్ని ఎగ్జార్బిటెంట్ ప్రివిలేజ్ అన్నాడని చెబుతారు. అక్కడ కూడా అందరికీ వర్తించే నియమం అమెరికాకు వర్తించడం లేదన్నదే ఆరోపణ.

మన పత్రికల శీర్షికల్లో ధరలు కొండెక్కుతాయి, భగ్గుమంటాయి, ఆకాశాన్నంటుతాయి. ఇవన్నీ ఎత్తునో వేడినో చెబుతాయి. ఎవరు ఎక్కించారో చెప్పవు. వానలు పడకపోయినా, దళారీ దాచిపెట్టినా శీర్షిక ఒకటే. ఎగ్జార్బిటెంట్‌కు అసలైన చుట్టం మన ఊరివాళ్ల అడ్డగోలు. తిన్నగా పోవాల్సింది అడ్డంగా పోయిందన్న దిశ అందులో ఉంది. ఇంగ్లీషులోనే మరో విశేషణం ఎక్స్‌టార్షనేట్. దాని లాటిన్ మూలానికి మెలిపెట్టి లాగడమని అర్థం. మనం ముక్కుపిండి వసూలు చేయడం అనేది అదే. ఈ రెండింటి మధ్య తేడా గమనించదగ్గది. గాడి తప్పడం ధర స్వభావం, ముక్కు పిండటం మనిషి చేసే పని. చట్టాలు ఒకసారి మొదటిదాన్ని, ఒకసారి రెండోదాన్ని పట్టుకోబోయి తడబడిన చరిత్రే ఈ సమస్య చరిత్ర.

గాడి తప్పిందనాలంటే ముందు గాడి ఎక్కడుందో తెలియాలి. రాజ్యాలు దీనికి మొదట చెప్పిన జవాబు అంకె. కౌటిల్యుడి అర్థశాస్త్రం వర్తకుడి లాభాన్ని స్వదేశీ సరుకు మీద 5 శాతానికి, పరదేశీ సరుకు మీద 10 శాతానికి పరిమితం చేసింది. వడ్డీ దగ్గర మాత్రం ఒక్క అంకెతో సరిపెట్టలేదు. నూటికి నెలకు ఒకటింపావు పణం ధర్మమంది. వ్యాపారపు అప్పుకు అయిదు, అడవిదారుల్లో తిరిగే వర్తకులకు పది, సముద్రం మీద పోయేవారికి ఇరవై దాకా ఒప్పుకుంది. సొమ్ము తిరిగిరాని ప్రమాదం పెరిగేకొద్దీ గాడి కూడా జరుగుతుందన్న గ్రహింపు అది. రోములో డయోక్లీషియన్ క్రీ.శ. 301లో వెయ్యికి పైగా వస్తువులకు, కూలిరేట్లకు గరిష్ఠ ధరలు చెక్కించి, మీరినవారికి మరణశిక్ష అన్నాడు. సరుకు బజారు నుంచి మాయమైంది, శాసనం నిలవలేదు. ఢిల్లీలో అలాఉద్దీన్ ఖిల్జీ ధాన్యానికి ధర కట్టి కొన్నేళ్లు నిలబెట్టగలిగాడు. ధర రాసి ఊరుకోకుండా గోదాముల్లో ధాన్యం నింపి, వర్తకుల మీద నిఘా పెట్టాడు కాబట్టే అది సాధ్యమైంది. అతనితోపాటే ఆ ఏర్పాటూ పోయింది.

నా దృష్టిలో వీటన్నిటికంటే లోతైన జవాబు మన తెలుగునేల మీదే ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతటినీ పూర్వపు రాజులు లాగేసుకునేవారనీ, ప్రాణాలకు తెగించి వచ్చే సముద్రవర్తకులకు ధనమే ప్రాణం కనుక తాను ఆ పని చేయననీ, నిర్ణయమైన సుంకం మాత్రమే తీసుకుంటాననీ అందులో ఉంది. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఇందులో రెండు సంగతులున్నాయి. వర్తకుడు వెనక్కి పోలేని స్థితిలో ఉన్నప్పుడు అతనినుంచి గుంజుకోవడం అన్యాయమన్నది ఒకటి. ఎంత కట్టాలో ఒడ్డుకు రాకముందే అతనికి తెలిసి ఉండాలన్నది రెండోది. సుంకం ఎక్కువా తక్కువా అనే వాదం ఆ తర్వాతిదే. ధరను గాడి తప్పించేది దాని ఎత్తు కాదనీ, కొనేవాడి నిస్సహాయత, లెక్క తెలియనివ్వకపోవడం ఈ రెండేననీ ఆ శాసనం ఏడున్నర శతాబ్దాల కిందట తేల్చింది. తర్వాత వచ్చిన చట్టాలన్నీ ఈ రెంటిలో ఏదో ఒకటి పట్టుకుని రెండోది వదిలేశాయని నా అభిప్రాయం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 16వ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణల్లో రెండు చూద్దాం. ఊరి వడ్డీవ్యాపారికి ముందే బాకీపడ్డవాడు మనస్సాక్షి ఒప్పని షరతులతో మరో అప్పు తెచ్చుకుంటే, ఒత్తిడి పెట్టలేదని రుజువు చేసుకోవాల్సింది వ్యాపారే. బజారులో డబ్బు కటకటగా ఉన్నప్పుడు ఒకడు బ్యాంకుకు వెళ్లి, మామూలుకు మించిన వడ్డీకి ఒప్పుకుని అప్పు తీసుకుంటే అది సాధారణ వ్యాపారమే. రెండు చోట్లా వడ్డీ ఎక్కువే. తేడా ఒక్కటే. మొదటివాడికి మరో గడప లేదు. 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. వడ్డీ ఎక్కువగా ఉందని చూపితే చాలదు, లావాదేవీ అన్యాయంగా జరిగిందని కూడా తేలితేనే కోర్టు ఆ ఖాతాను తిరగతోడగలదు. 1984లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఏ సెక్షన్ చేరాక బ్యాంకు వడ్డీ ఎక్కువన్న కారణంతో ఖాతా తిరగతోడే అధికారం కోర్టులకు లేకుండా పోయింది.

అంకె పట్టుకున్న చట్టాలు మరో వరుస. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన 1938 నాటి వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం, కొత్త అప్పుల మీద వడ్డీని ఏడాదికి 6.25 శాతానికి కట్టడి చేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే బాకీ తీరినట్టేనంది. కోస్తా, రాయలసీమ రైతులకు అది వర్తించింది. నిజాం రాజ్యంలో ఉన్న మనవైపు 1349 ఫసలీలో, అంటే 1939-40 ప్రాంతంలో, లైసెన్సు లేకుండా వడ్డీవ్యాపారం చేయరాదన్న చట్టం వచ్చింది. అది రాజ్యం పోయాక కూడా తెలంగాణ ప్రాంతపు చట్టంగా కొనసాగింది. వడ్డీ అసలును మించకూడదన్న దామ్‌దుపట్ నియమం ధర్మశాస్త్రాల కాలం నాటిది. చట్టం పుస్తకాల్లో కొరత లేదు. కొరత మరెక్కడో ఉంది.

అది ఎక్కడో తెలియాలంటే మిత్తి లెక్కలోకి దిగాలి. కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు పోచారం నీళ్లున్నాయి, బాన్సువాడ వైపు నిజాంసాగర్ కాలువలున్నాయి. కామారెడ్డి, దోమకొండ, మాచారెడ్డి వైపు మెట్ట ఎక్కువ, బోరే దిక్కు. బోరు పడకపోతే మరో బోరు, దానికి మరో అప్పు. అప్పు మాట్లాడుకునేటప్పుడు శాతం అన్న మాట రాదు. రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి అంటారు. నూటికి నెలకు మూడు రూపాయలు వినడానికి చిన్నగానే ఉంటుంది. ఏడాదికి 36 శాతమని ఎవరూ అనరు. కౌటిల్యుడి ధర్మవడ్డీని ఇదే లెక్కలోకి మారిస్తే ఏడాదికి 15 శాతం.

లక్ష రూపాయలు మూడు రూపాయల మిత్తికి తెచ్చారనుకుందాం. కాలపరిమితి చట్టం ప్రకారం ప్రోనోటు మూడేళ్లలో కోర్టుకెక్కకపోతే చెల్లదు కాబట్టి మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయించుకుంటారు. అప్పటికి మిత్తి రూ. 1,08,000. అదంతా అసల్లో కలిపి కొత్త నోటు రూ. 2,08,000కు రాస్తారు. మరో మూడేళ్లకు అది రూ. 4,32,640. నోటు మీద ఎక్కడా చక్రవడ్డీ అని ఉండదు. మిత్తి కూడా మూడు రూపాయలు దాటలేదు. కాలపరిమితిని కాపాడుకోవడం కోసం చేసిన తిరగరాతే చక్రవడ్డీ అయింది. దామ్‌దుపట్ లెక్కన లక్షకు లక్ష మిత్తితో ఆగాల్సిన బాకీ ఇది. బాకీదారుకు రేటు తెలుసు, పర్యవసానం తెలియదు. కొత్త నోటు మీద సంతకం పెట్టనంటే పంటకాలంలో మళ్లీ ఆ గడప తొక్కలేడు. మోటుపల్లి శాసనం చెప్పిన రెండూ ఇక్కడ కలిసే ఉన్నాయి.

ఈ గడపను తప్పించడానికే మైక్రోఫైనాన్స్ వచ్చిందన్నారు. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అని చెప్పి వారం వారం వాయిదా కట్టించుకుంటే, మొదటి వారం నుంచే అసలు తగ్గుతూ పోతుంది. అప్పు తీసుకున్న ఆడవాళ్ల చేతిలో సగటున సగం సొమ్మే ఉంటుంది. వడ్డీ మాత్రం మొత్తం మీద. నిజమైన రేటు దాదాపు రెట్టింపవుతుంది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చింది. వడ్డీ అసలును మించి వసూలు చేయరాదన్న పాత దామ్‌దుపట్ అందులో మళ్లీ కనిపించింది. వారం వాయిదాల స్థానంలో నెల వాయిదాలు, ఇంటి గుమ్మం దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు దగ్గర వసూళ్లు అన్న నియమాలూ వచ్చాయి. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు కొన్నాళ్లు 26 శాతం గరిష్ఠ వడ్డీ పెట్టి, 2022లో దేశమంతటికీ వర్తించే కొత్త నియమాల్లో గరిష్ఠ పరిమితినే తీసేసింది. వడ్డీ మరీ అధికంగా, అంటే యూజూరియస్‌గా, ఉండరాదు అని మాత్రమే రాసింది. ఎంత దాటితే అధికమో రాయలేదు. మరుసటి ఏడాది తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పిచ్చింది. అంకె ఉన్న చట్టం పక్కకు పోయింది, విశేషణం ఉన్న నియమం మిగిలింది. విశేషణం మీద ఫిర్యాదు చేయడం ఎల్లారెడ్డిలోని ఒక మహిళాసంఘం సభ్యురాలికి అయ్యే పని కాదు. అయితే అదే నియమాల్లో మరో మంచి ఉంది. అన్ని చార్జీలూ కలిపిన ఏడాది రేటును ఒక కాగితం మీద అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. నా దృష్టిలో 26 అనే అంకె కంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది, అది చదివి చెప్పేవారు పక్కనుంటే. 2020 చివర్లో హైదరాబాద్ పోలీసుల దాకా వెళ్లిన లోన్ యాప్‌ల కేసుల్లోనూ, 2015లో విజయవాడను కుదిపేసిన కాల్‌మనీ వ్యవహారంలోనూ లేనిది ఆ కాగితమే.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన ధర ఒకటుంది. గల్ఫ్ వీసా ధర. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లలో దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్లు లేని వాడ ఉండదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగల గరిష్ఠ ఫీజు రూ. 30,000. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ. 35,400. ఊళ్లలో చేతులు మారేది లక్షల్లో. వీసా కొన్నామంటారు మనవాళ్లు. పని ఇచ్చే యజమాని తన అవసరం కోసం తీయించే కాగితం అది. అమ్మకానికి పెట్టాల్సిన సరుకు కానే కాదు. ఆజాద్ వీసా అని పేరుపెట్టి అమ్మేదానికైతే చెప్పిన యజమాని దగ్గర పనే ఉండదు. అక్కడికి పోయి వెతుక్కోవాలి. అలా మరోచోట పనిచేయడం ఆ దేశంలో నేరం.

లక్షన్నర పెట్టి పోయాడనుకుందాం. అది మూడు రూపాయల మిత్తికి తెచ్చిందైతే నెలకు రూ. 4,500 మిత్తికే పోవాలి. వెయ్యి దిర్హాముల జీతమంటే 2025 మారకపు రేటున మన రూపాయల్లో ఇరవై మూడు, ఇరవై నాలుగు వేలు. అక్కడి తిండి, ఇక్కడి ఇల్లు పోను అసలు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కకట్టడం కష్టం కాదు. ఇక్కడ రెండు గాడి తప్పిన ధరలు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. వీసాకు అడ్డగోలు ధర, ఆ ధర కట్టడానికి అడ్డగోలు మిత్తి. ఈ అప్పే అతన్ని జీతం ఎగ్గొట్టిన యజమాని దగ్గర కూడా కట్టిపడేస్తుంది, వాపసు వస్తే మిత్తి ఆగదు కనుక. అంకె ఉంది, చట్టం ఉంది, మీరితే శిక్ష ఉంది. అయినా గరిష్ఠ ఫీజు ముప్పయి వేలేనన్న సంగతి పాస్‌పోర్టు చేతపట్టుకుని తిరిగే పిల్లల్లో చాలామందికి తెలియదు. సబ్ ఏజెంటు రసీదు ఇవ్వడు. రసీదు లేనిదే ఫిర్యాదు నిలవదు. ధర గాడి తప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ జిల్లాలో నాకు కనిపించదు. పత్తి గురించీ యూరియా గురించీ జరిగినంత చర్చ దీని గురించి జరగకపోవడం బాధాకరం.

పత్తి విత్తనం కథలో మాత్రం ప్రభుత్వం గెలిచింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్ రూ. 1,600 పైన పలికింది. అందులో జన్యువుకు కట్టే ట్రెయిట్ ఫీజే ఒక దశలో రూ. 1,250. మద్నూర్, బిచ్కుంద వైపు నల్లరేగడి రైతులకూ, ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు రైతులకూ ఇదే పరిస్థితి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు వెళ్లింది. అదే జన్యువుకు చైనాలో ఎంత తీసుకుంటున్నారని అడిగింది. 2006 మేలో కమిషన్ ఆ ఫీజును సహేతుకంగా తగ్గించాలని ఆదేశించింది. రాష్ట్రం ప్యాకెట్ ధర రూ. 750గా నిర్ణయించి, 2007లో పత్తి విత్తనాల ధరలను కట్టడి చేసే సొంత చట్టం చేసింది. కేంద్రం 2015 డిసెంబరులో దేశమంతటికీ ధర నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో రెండో తరం బీటీ విత్తనమైన బీజీ-2 ప్యాకెట్ రూ. 800, అందులో ట్రెయిట్ ఫీజు రూ. 49 అయింది. 2020కల్లా ఆ ఫీజు సున్నా.

ఇక్కడ గాడిని కనిపెట్టిన తీరు గమనించాలి. రైతు ఎంత భరించగలడని ఎవరూ అడగలేదు. అదే వస్తువును అదే సంస్థ, పోటీ ఉన్నచోట ఎంతకు ఇస్తోందని అడిగారు. ఇది కోర్టులో నిలబడే ప్రశ్న. కంపెనీల వాదనలోనూ న్యాయం లేకపోలేదు. పరిశోధనకు అయిన ఖర్చు రాకపోతే తర్వాతి విత్తనం ఎవరు తయారుచేస్తారన్నది వారి మాట. దానికి జవాబు పూర్తిగా దొరకలేదు. గిరాకీ ఉన్న రకాలు సీజనులో ప్యాకెట్ మీది ధరకు దొరక్క బ్లాకులో కొనాల్సిరావడం, కలుపుమందు తట్టుకునే, అనుమతి లేని విత్తనం చాటుగా అమ్ముడుపోవడం కూడా ఈ కథలో భాగమే.

యూరియాలో మరో రూపం చూశాం. 45 కిలోల బస్తా ధర రూ. 266.50 అని ప్రభుత్వమే నిర్ణయించింది. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా రైతులు వరుసల్లో చెప్పులు, పాసుపుస్తకాల జిరాక్సులు పెట్టి నిలబడ్డారు. అలాంటి రోజుల్లో బిల్లు మీద ధర మారదు. ఫలానా డబ్బా కూడా కొంటేనే బస్తా ఇస్తామని లింకు పెడతారు. బిల్లు గాడిలోనే ఉంటుంది, జేబు గాడి తప్పుతుంది. అంకె ఒక్కటే చూసే చట్టం దీన్ని పట్టుకోలేదు.

ఆస్పత్రి దగ్గర మనిషి వెనక్కి పోలేడని వేరే చెప్పక్కర్లేదు. ఎల్లారెడ్డిలో గుండెనొప్పి వచ్చినవాడు బేరమాడడానికి కూర్చోడు. స్టెంట్ల ధరలను 2017 ఫిబ్రవరిలో కేంద్రం కట్టడి చేసి, మందు పూసిన స్టెంటుకు రూ. 29,600, మామూలుదానికి రూ. 7,260 అంది. కరోనా మొదటి విడతలో, 2020 జూన్‌లో, తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రులకు రోజుకు వార్డులో రూ. 4,000, ఐసీయూలో రూ. 7,500, వెంటిలేటరుతో రూ. 9,000 అని హద్దు గీసింది. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు, స్కానింగులు ఆ హద్దుకు బయటే ఉండిపోయాయి. బిల్లులు పెరిగింది సరిగ్గా అక్కడే. చార్జీల పట్టికను స్థానిక భాషలోనూ గోడకు పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. గోడ మీది పట్టిక రోగి స్థితిని మార్చలేదు గానీ, వెంట వచ్చినవారికి ఒక ఆధారం ఇస్తుంది.

ఎమ్మార్పీ గురించి మనకున్న నమ్మకం కొంచెం సవరించుకోవాలి. పొట్లం మీది గరిష్ఠ ధరను రాసేది తయారీదారే. అంతకు మించి అమ్మకూడదని చట్టం చెబుతుంది, ఎంత రాయాలో చెప్పదు. హోటలులో కూర్చుని తాగే నీళ్లసీసాకు ఎమ్మార్పీ మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో అంది, అక్కడ అమ్మేది సీసా ఒక్కటే కాదు కనుక. సినిమా టికెట్ల మీద 2021, 2022లలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఎదురెదురు దారుల్లో జీవోలు ఇచ్చాయి. నాకు ఆ వివాదం పెద్దగా పట్టదు. టికెట్ పిరమైతే వారం ఆగి చూడొచ్చు, చూడకపోనూవచ్చు.

2023 జులైలో టమాటా కిలో దాదాపు రూ. 200 దాకా పోయింది. ప్రభుత్వం సహకార వినియోగదారుల సమాఖ్య ఎన్‌సీసీఎఫ్ ద్వారా తగ్గింపు ధరకు అమ్మించింది. అప్పుడు మనమంతా అన్యాయం అన్నాం. నిజానికి అది గాడి తప్పిన ధర అనడానికి ఆధారం లేదు. పంట దెబ్బతింది, సరుకు తగ్గింది, వేలంపాట అందరి కళ్లముందే జరిగింది. అది పిరం, అంతే. గిరాకీ, సరఫరా మాట్లాడే ఆర్థికవేత్తలు ఇక్కడ నూటికి నూరుపాళ్లు సరి. ఆ లెక్కనే గుండెనొప్పికీ, ప్రోనోటుకూ, వీసాకూ వర్తింపజేసినప్పుడు మాత్రం వాళ్లతో ఏకీభవించలేను. కొనేవాడికి వద్దనే వీలు లేనిచోట గిరాకీ అన్న మాటకు అర్థం మారిపోతుంది.

ఈ చర్చలో ఎప్పుడూ రానిది ఒకటి మిగిలింది. గాడికి రెండు పక్కలుంటాయి. ధర పైకి తప్పితే అడ్డగోలు అంటాం. కిందికి తప్పితే దానికి చట్టంలో పేరే లేదు. మక్కలు కల్లంలో ఉండగా వాన మబ్బు పడితే, మిత్తి గడువు దగ్గర పడితే, రైతు అడ్డికి పావుశేరు లెక్కన అమ్ముకుంటాడు. తేమ ఎక్కువుందని, తాలు ఉందని కోత వేస్తారు. వెనక్కి పోలేని స్థితి అతనిది కూడా. కోత లెక్క అతనికీ ముందుగా తెలియదు. 2025-26కు మక్కలకు మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,400, సోయాకు రూ. 5,328 అని కేంద్రం ప్రకటించింది. కానీ అంతకంటే తక్కువకు కొన్న ప్రైవేటు వ్యాపారి మద్దతు ధర ప్రకటనను మీరినట్టు కాదు. కొనుగోలు కేంద్రం తెరిస్తేనే ఆ ధరకు విలువ. నీళ్లసీసా మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్న దుకాణదారు మీద కేసు పెట్టగల మనం, క్వింటాలు మీద నాలుగొందలు తక్కువ ఇచ్చినవాడి మీద పెట్టలేం. ధరల న్యాయం గురించి ఇక్కడ చెప్పుకున్న చట్టాలు కొనేవాడి వైపు నుంచే చూశాయి. పల్లెలో మనిషి ఎక్కువసార్లు నష్టపోయేది అమ్మేటప్పుడు.

ఇన్ని చూశాక నా తీర్పు ఇది. అంకెలు అవసరమే, కానీ అంకె ఒక్కటే ఎక్కడా నిలవలేదు. రోములోనూ నిలవలేదు, యూరియా వరుసలోనూ నిలవలేదు. ధర ముందుగా, రాతలో, తెలిసిన భాషలో చెప్పారా? వద్దని వెనక్కి తిరిగే వీలు ఎదుటివారికి ఉందా? ఈ రెండు ప్రశ్నలకూ లేదన్న జవాబు వచ్చినచోట ఎంత చిన్న మొత్తమైనా అది అడ్డగోలే. పత్తి విత్తనం విషయంలో రాష్ట్రం చూపిన పట్టుదల వీసా ధర మీద, కల్లం దగ్గరి కోతల మీద చూపాలి. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడి ఇన్నేళ్లయింది. ప్రతి మండల ఆఫీసు గోడ మీద, ప్రతి బస్టాండులో ఏజెంటు ఫీజు పరిమితి తెలుగులో రాయించడానికి జిల్లా యంత్రాంగానికి పెద్ద ఖర్చేం కాదు.

చదువుతున్న మీ ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌కు బయలుదేరుతుంటే ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి, రూ. 35,400 దాటి ఇవ్వకండి, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి. నోటు తిరగరాయమని ఎవరైనా అడిగితే మిత్తిని పన్నెండుతో గుణించి చూసుకున్నాకే సంతకం పెట్టండి. కొన్న వస్తువు మీద ఎమ్మార్పీ మించి తీసుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు.